చలిలో గోల్ఫ్: ‘ఒక క్లబ్ ఎక్కువ తీసుకో’ అన్న మాట ఎక్కడ నిజం, ఎక్కడ కాదు

ఎండాకాలంలో 7 ఐరన్ అనే క్లబ్‌తో కొడితే గ్రీన్ (జెండా, గుంట ఉండే నున్నటి గడ్డి) మధ్యలో పడే బంతి, చలికాలం ఉదయం అదే టీ (మొదటి షాట్ కొట్టే చోటు) మీంచి అదే స్వింగ్‌తో కొట్టినా గ్రీన్‌కు ముందున్న బంకర్లో, అంటే ఇసుక గుంటలో పడుతుంది. ఆటగాడు మొదట తన స్వింగ్‌నే అనుమానిస్తాడు. రెండు మూడు హోల్స్‌లో (టీ నుంచి గ్రీన్ దాకా సాగే ఒక్కో ఆట భాగం ఒక హోల్) ఇలాగే జరిగేసరికి టెన్షన్ మొదలై ఇంకాస్త బలంగా కొడతాడు. దాంతో దూరం రాకపోగా దిశ కూడా చెడుతుంది. తోటి ఆటగాళ్ళు ఇచ్చే సలహా ఎప్పుడూ ఒకటే: ‘చలి కదా, ఒక క్లబ్ ఎక్కువ తీసుకో’. అంటే 7 ఐరన్ కొట్టే చోట 6 ఐరన్ కొట్టమని. ఐరన్ క్లబ్బుల్లో అంకె తగ్గే కొద్దీ బంతి ఎక్కువ దూరం పోతుంది.

ఈ సలహా తప్పు కాదు గానీ, ఇది సగం మాటే. చలిలో దూరం తగ్గడానికి కారణాలు నాలుగు: గాలి, బంతి, ఒళ్ళు, నేల. మొదటి మూడూ దూరాన్ని తగ్గించేవే అయినా అన్ని క్లబ్బుల దగ్గరా ఒకేలా తగ్గించవు. నాలుగోదైన నేల ఒక్కోసారి పూర్తిగా ఎదురు తిరుగుతుంది. అందుకే ఒకే సూత్రం పద్ధెనిమిది హోల్స్‌కూ సరిపోదు.

క్లుప్తంగా

ఉష్ణోగ్రత 25 డిగ్రీలు పడిపోతే మిడ్ ఐరన్ల దగ్గర సుమారు ఒక క్లబ్ తేడా వస్తుంది. అతి దూరం కొట్టే డ్రైవర్, దాని తర్వాతి పొడవాటి క్లబ్బులైన వుడ్ల దగ్గర నష్టం అంతకంటే ఎక్కువ. వెడ్జ్‌తో (తక్కువ దూరానికి వాడే, ముఖం బాగా వాలిన క్లబ్) కొట్టే చిన్న షాట్ల దగ్గర దాదాపు ఏమీ ఉండదు. నేల మెత్తగా ఉంటే బంతి గాల్లో వెళ్ళే దూరాన్నే లెక్కలోకి తీసుకోవాలి. గడ్డకట్టి ఉంటే గ్రీన్‌కు ముందే పడేలా కొట్టాలి. బలంగా కొట్టడం కంటే పెద్ద క్లబ్ తీసుకుని నింపాదిగా కొట్టడం మేలు.

గాలి ఎంత బరువెక్కుతుంది

సముద్ర మట్టం దగ్గర, 30 డిగ్రీల సెల్సియస్ ఎండలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.16 కిలోలు తూగుతుంది. 5 డిగ్రీల చలిలో అదే ఘనపు మీటరు సుమారు 1.27 కిలోలు తూగుతుంది. చల్లబడిన వాయువు దగ్గరకు ముడుచుకుంటుంది కాబట్టి అంతే చోటులో ఎక్కువ అణువులు ఇముడుతాయి. మొత్తం తేడా 9 శాతం. బంతి చీల్చుకుంటూ వెళ్ళాల్సిన గాలి ఆ మేరకు చిక్కబడిందన్నమాట.

9 శాతం అంటే ఎంతో తెలియాలంటే ఎత్తుతో పోల్చి చూడాలి. కొండ ఎక్కే కొద్దీ గాలి పలచబడుతుంది. సముద్ర మట్టం నుంచి 1,000 మీటర్లు ఎక్కితే సాంద్రత సుమారు 9 శాతమే తగ్గుతుంది. సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉన్న అమెరికా నగరం డెన్వర్ లాంటి చోట బంతులు ఎంత దూరం పోతాయో గోల్ఫ్ చూసేవాళ్ళకు తెలుసు. 30 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు పడిపోవడమంటే, గాలి మటుకు చూస్తే, 1,000 మీటర్ల ఎత్తున్న కోర్సు దిగి సముద్రపు ఒడ్డున ఆడటం లాంటిది. ప్రతి 1,000 అడుగుల ఎత్తుకూ దూరం ఒక శాతానికి కాస్త పైన పెరుగుతుందని ఆటగాళ్ళు వాడే లెక్క. దాన్నే తిరగేస్తే, 25 డిగ్రీల చలికి గాలి ఒక్కటే సుమారు 4 శాతం దూరాన్ని మింగేస్తుంది.

దీనికి వాయు పీడనం కూడా తోడవుతుంది. ఆకాశం తేటగా ఉండి, గాలి కదలక, గజగజ వణికించే ఉదయాలు చాలావరకు అధిక పీడనం ఉన్న రోజులే. పీడనం 1,000 హెక్టోపాస్కల్స్ నుంచి 1,030కి పెరిగితే సాంద్రత మరో 3 శాతం పెరుగుతుంది. థర్మామీటర్ ఒక్కటే చూస్తే ఇది కనపడదు.

ఎదురుగాలి సంగతీ ఇంతే. చిక్కటి గాలి అదే వేగంతో వీచినా ఎక్కువ బలంతో నెడుతుంది. ఎండలో గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలికి తీసుకునే క్లబ్ చలిలో అదే గాలికి కాస్త చాలకుండా పోతుంది.

ఎంత వేగానికి అంత నిరోధం

‘ఒక క్లబ్ ఎక్కువ’ సూత్రానికి మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే. గాలి నిరోధం బంతి వేగంతో పాటు సూటిగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం సుమారు నాలుగు రెట్లు. ఎంత చెట్టుకు అంత గాలి అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

డ్రైవర్ నుంచి గంటకు 240 కిలోమీటర్ల వేగంతో బయలుదేరిన బంతి మీద మొదటి క్షణాల్లో పనిచేసే గాలి నిరోధం, ఆ బంతి బరువుకు సుమారు రెట్టింపు. అంటే ఆ బంతిని భూమి కిందికి లాగే బలం కంటే గాలి వెనక్కి లాగే బలమే ఎక్కువ. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే హాఫ్ వెడ్జ్ (సగం స్వింగ్‌తో కొట్టే వెడ్జ్) షాట్ మీద నిరోధం బంతి బరువులో మూడో వంతు దాకానే ఉంటుంది. గాలి 9 శాతం చిక్కబడినప్పుడు మొదటి బంతికి తగిలే దెబ్బ ఎక్కడ, రెండో బంతికి తగిలేది ఎక్కడ!

బంతిని పైకి లేపే బలం కూడా గాలి సాంద్రతతోనే పెరుగుతుంది. వెనక్కి తిరుగుతూ వెళ్ళే బంతిని గాలి పైకి నెడుతుంది. బంతి మీది చిన్న గుంటలు, అంటే డింపుల్స్ చేసే పనిలో ఇది కూడా భాగమే. చలిగాలిలో ఈ నెట్టుడు ఎక్కువ కావడంతో, బాగా స్పిన్ ఉన్న బంతి ముందుకు పోవడం మాని పైకి ఎక్కుతున్నట్టు కనిపిస్తుంది. చివర్లో నిటారుగా దిగుతుంది. అలా దిగిన బంతి నేల మీద ఎంతో దూరం దొర్లదు.

తేమ గురించి ఒక అపోహ

పొగమంచు ఉదయాన ‘గాలి బరువుగా ఉంది’ అనడం మామూలే. ఒంటికి అలాగే అనిపిస్తుంది కూడా. భౌతికశాస్త్రం మాత్రం ఇందుకు ఒప్పుకోదు. నీటి ఆవిరి అణుభారం 18, పొడి గాలి సగటు అణుభారం సుమారు 29. అందువల్ల తేమ చేరిన గాలి అదే ఉష్ణోగ్రత, పీడనం ఉన్న పొడి గాలి కంటే కాస్త తేలిక. ఆ తేడా కూడా చాలా చిన్నది, అందులోనూ చల్లటి గాలి ఆవిరిని పట్టి ఉంచగలిగేదే తక్కువ. కాబట్టి క్లబ్ ఎంచుకునేటప్పుడు గాలిలోని తేమను వదిలేయవచ్చు.

వదిలేయకూడనిది గడ్డి మీది తడి. మంచు పట్టిన గడ్డిలోంచి కొట్టినప్పుడు క్లబ్ ముఖానికీ బంతికీ మధ్య నీటి పొర చేరుతుంది. పట్టు తగ్గి స్పిన్ పడిపోతుంది. వెడ్జ్‌తో కొట్టిన బంతి పడ్డ చోట ఆగకుండా సాగిపోతుంది. వెడ్జ్‌కు చలి నష్టం ఎలాగూ తక్కువ, దానికి ఈ జారుడు కూడా కలిసిందంటే ఒక క్లబ్ ఎక్కువ తీసుకున్నవాడి బంతి గ్రీన్ వెనకాల వెతుక్కోవాల్సిందే.

బంతి లోపల ఏం జరుగుతుంది

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. లోపలి గుండు ఎక్కువగా పాలీబ్యుటాడైయీన్ అనే కృత్రిమ రబ్బరుతో తయారవుతుంది. క్లబ్ తగిలినప్పుడు అది నొక్కుకుపోయి, వెంటనే తిరిగి సాగి ముందుకు దూకుతుంది. చల్లబడ్డ రబ్బరు ఈ పనిలో బద్ధకిస్తుంది. నొక్కినప్పుడు తీసుకున్న శక్తిలో ఎక్కువ భాగాన్ని లోపలే వేడిగా పోగొట్టుకుని తక్కువ తిరిగి ఇస్తుంది.

ఇది చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. ఒకే రకం బంతులు రెండు తీసుకుని, ఒకటి గదిలో, మరొకటి రాత్రంతా కారు డిక్కీలో ఉంచి, ఉదయాన్నే రెంటినీ భుజం ఎత్తు నుంచి రాతి గచ్చు మీద వదిలితే చాలు. చల్లటి బంతి ‘టక్’మని గట్టి చప్పుడు చేసి, రెండో దానికంటే తక్కువ ఎత్తుకు లేస్తుంది. డ్రైవర్‌తో కొట్టినప్పుడు బంతి వేగం గంటకు ఒక మైలు తగ్గితే దూరం సుమారు రెండు గజాలు తగ్గుతుందని లెక్క. ఆ గచ్చు మీద కనపడ్డ తేడాయే ఫెయిర్‌వేలో (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి దారి) గజాలుగా బయటపడుతుంది.

రబ్బరు ఉష్ణవాహకం కాదు. వేడిని నెమ్మదిగా పుచ్చుకుని నెమ్మదిగానే వదులుతుంది. ఇంట్లోంచి తెచ్చిన బంతి మొదటి కొన్ని హోల్స్ దాకా నయంగా ఉంటుంది, డిక్కీలో పడుకున్న బంతి మాత్రం మొదటి షాట్ నుంచే వెనకబడుతుంది. చలికాలపు ఆటలో పైసా ఖర్చు లేకుండా చేసుకోగల మార్పు ఇదే: బ్యాగును కారులో వదలకుండా ఇంట్లో పెట్టుకోవడం.

చలిలో మెత్తటి, అంటే కంప్రెషన్ తక్కువున్న బంతి వాడితే దూరం తిరిగి వస్తుందన్న నమ్మకం కూడా ఉంది. మెత్తటి బంతి తగిలినప్పుడు చేతికి హాయిగా ఉంటుందన్నది నిజమే. చలికి వేళ్ళు జివ్వుమనే రోజున ఆ హాయికి విలువ ఉంది. దూరం విషయానికి వస్తే, చలి అన్ని బంతులనూ నెమ్మదింపజేస్తుంది. మెత్తటి బంతి అందుకు మినహాయింపు కాదు. క్లబ్ లోహం మీద మాత్రం ఈ చలి ప్రభావం లెక్కలోకి రానంత తక్కువ. క్లబ్‌లో మారేది గ్రిప్ రబ్బరు. అది గట్టిపడి జారుతుంది.

ఒళ్ళు సహకరించకపోతే

కండరం చల్లబడితే దాని నుంచి వచ్చే శక్తి తగ్గుతుంది. నరాల్లో సంకేతాలు నెమ్మదిస్తాయి. వేళ్ళ కొసలు మొద్దుబారి, క్లబ్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నామో తెలియదు. తెలియనప్పుడు చెయ్యి తనంతట తానే బిగుస్తుంది, బిగిసిన చేతితో స్వింగ్ సాఫీగా సాగదు. పైన స్వెటరు, దాని మీద జాకెట్ ఉంటే భుజాలు పూర్తిగా తిరగవు. అన్నీ కలిసి క్లబ్ వేగం గంటకు రెండు మూడు మైళ్ళు తగ్గినా ఆశ్చర్యం లేదు.

ఈ నష్టం మనిషిని బట్టి మారుతుంది. పాతికేళ్ళ కుర్రవాడు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించుకుని మామూలు వేగానికి రాగలడు. అరవై దాటిన ఆటగాడికి అదే పని నాలుగైదు హోల్స్ నడిచాక గానీ జరగదు. గాలి, బంతి లెక్కలను సూత్రాలతో కట్టవచ్చు గానీ ఒంటి లెక్కను ఎవరికి వారే కట్టుకోవాలి. చేతులు లేని జాకెట్ లాంటి తొడుగు, షాట్ల మధ్య మందపాటి తొడుగుల్లో చేతులు, ఆడేముందు కాసేపు వార్మప్ ఉంటే ఈ భాగాన్ని చాలావరకు తగ్గించుకోవచ్చు. గాలి సాంద్రతను ఎవరూ మార్చలేరు కాబట్టి శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే.

ఒక హోల్ లెక్క

ఇప్పుడు ఒక మామూలు ఆటగాడిని ఊహించుకుందాం. అతని 7 ఐరన్ ఎండలో 150 గజాలు గాల్లో వెళ్తుంది. క్లబ్‌కు క్లబ్‌కు మధ్య తేడా పది గజాలు. ఉష్ణోగ్రత 30 నుంచి 5 డిగ్రీలకు పడింది. గాలి వల్ల 6 గజాలు, బంతి వల్ల 2 లేదా 3, ఒంటి వల్ల 3 లేదా 4. మొత్తం 11 నుంచి 13 గజాలు. అంటే ఒక క్లబ్, లేదా కాస్త పైన. ఇక్కడ పాత సలహా చక్కగా సరిపోయింది.

అదే ఆటగాడి డ్రైవర్ ఎండలో 230 గజాలు గాల్లో వెళ్ళి, మరో 20 దొర్లి, 250 దగ్గర ఆగుతుంది. చలిలో గాలికి 9, బంతికి 4, ఒంటికి 5 పోతే గాల్లో దూరం 212. మెత్తటి తడి నేల మీద దొర్లుడు పది గజాలే అనుకుంటే 222. ఉరామరిగా 28 గజాలు తగ్గింది.

400 గజాల పార్ 4 హోల్‌లో, అంటే నాలుగు షాట్లలో ముగించాలని లెక్క కట్టిన హోల్‌లో దీని ఫలితం చూడండి. ఎండలో రెండో షాట్‌కు మిగిలేది 150 గజాలు, చేతిలో 7 ఐరన్. చలిలో మిగిలేది 178 గజాలు. ఆ 178 కూడా చలిలో కొట్టాల్సినవే కాబట్టి ఎండలో 190 గజాలు కొట్టే క్లబ్ కావాలి. అంటే 6 ఐరన్, 5 ఐరన్, హైబ్రిడ్ (ఐరన్‌కూ వుడ్‌కూ మధ్య రకం క్లబ్) కూడా దాటి ఫెయిర్‌వే వుడ్ దాకా వెళ్ళాలి. ఒక క్లబ్ తేడా అనుకున్నది నాలుగు క్లబ్బులైంది. చిన్న చిన్న నష్టాలే తడిసి మోపెడయ్యాయి. చలికాలంలో పొడవైన పార్ 4 హోల్స్ ఒక్కసారిగా అందకుండా పోయినట్టు అనిపించడానికి కారణం ఇదే. ముందు టీ నుంచి ఆడటం ఇలాంటి రోజుల్లో నామోషీ కాదు, హోల్‌ను దాని అసలు పొడవుకు తెచ్చుకోవడం మాత్రమే.

ఇప్పుడు అదే హోల్ చివర్లో 60 గజాల వెడ్జ్ షాట్ మిగిలిందనుకోండి. ఇక్కడ చలి తినేది ఒకటి రెండు గజాలే. ఈ షాట్‌కు కూడా క్లబ్ పెంచితే మొదటికే మోసం. ఉష్ణోగ్రత తేడా పది డిగ్రీలే ఉన్న రోజున 7 ఐరన్ దగ్గర కూడా గాలికీ బంతికీ పోయేది మూడు నాలుగు గజాలు మాత్రమే. అప్పుడు పెద్ద క్లబ్ తీసుకుని, గ్రిప్‌ను కాస్త కిందికి పట్టుకుంటే లెక్క కుదురుతుంది.

ఈ అంకెలన్నీ ఒక ఆటగాడిని ఊహించి కట్టినవి. మరొకరి స్వింగ్‌కు గజాలు మారతాయి. డ్రైవర్ ఎక్కువ నష్టపోవడం, వెడ్జ్ తక్కువ నష్టపోవడం మాత్రం ఎవరికీ మారదు.

నేల తిరగబడే చోటు

తడిసి మెత్తబడ్డ నేల మీద బంతి పడ్డ చోటే గుంట చేసుకుని కూర్చుంటుంది. ముందు పడి దొర్లుకుంటూ గ్రీన్ ఎక్కే షాట్ అక్కడ పనికిరాదు. జెండా దాకా గాల్లోనే వెళ్ళాలి కాబట్టి లెక్క మొత్తం క్యారీ మీదే, అంటే బంతి నేలను తాకేదాకా వెళ్ళే దూరం మీదే నడవాలి. డ్రైవర్‌కు లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం) ఒక డిగ్రీ పెంచడం, లాఫ్ట్ మార్చే వీలు లేకపోతే 3 వుడ్‌తో టీ షాట్ కొట్టడం ఇలాంటి నేల మీద చాలామందికి కలిసొస్తుంది. బంతి దొర్లని రోజున నేల బారు షాట్‌తో వచ్చే లాభం లేదు.

గడ్డకట్టిన నేల కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగి, గ్రీన్ పైపొర రాయిలా బిగుసుకుపోయిందనుకుందాం. 6 ఐరన్‌తో కొట్టిన బంతి గ్రీన్ ముందు అంచున పడుతుంది. బంతి పడ్డ చోట గుంట (పిచ్ మార్క్) కనపడదు. రోడ్డు మీద పడ్డట్టు చప్పుడు చేసి, ఆటగాడి భుజమంత ఎత్తు లేచి, రెండో గెంతుకే గ్రీన్ దాటి వెనక పొదల్లోకి పోతుంది. ఒక క్లబ్ ఎక్కువ తీసుకున్నందుకు దక్కిన ఫలితమిది. ఇక్కడ గాలికి కలపాల్సిన గజాలను కలిపి, నేలకు తీసేయాల్సిన గజాలను తీసేయాలి. గ్రీన్‌కు పది పదిహేను గజాల ముందు పడేలా గురి పెడితే చాలాసార్లు చివరికి ఎండాకాలం వాడే క్లబ్బే చేతిలోకి వస్తుంది.

ఈ రెండు నేలలూ ఒకే రౌండ్‌లో ఎదురుకావచ్చు. తొమ్మిదింటికి ఎండ పడ్డ గ్రీన్ పైపైన కరిగి బంతిని ఆపుతుంది. చెట్ల నీడలో ఉన్న తర్వాతి గ్రీన్ మధ్యాహ్నం దాకా కరగదు. ఫెయిర్‌వేలో నడిచేటప్పుడు బూటు కింద నేల మెత్తగా దిగుతోందా, గట్టిగా తగులుతోందా అన్నది గమనించడం కోర్సు దూరాలు రాసి ఉండే యార్డేజ్ పుస్తకం చూడటమంత ముఖ్యం. గడ్డి మీద తెల్లటి మంచు పేరుకున్న ఉదయాల్లో కోర్సులు ఆట మొదలుపెట్టడం ఆలస్యం చేసేది కూడా ఊరికే కాదు. ఆకు లోపలి నీరు గడ్డకట్టి ఉన్నప్పుడు తొక్కితే కణాలు చితికి, అడుగుజాడలు పడిన చోట గడ్డి మాడిపోతుంది.

2007లో ఆగస్టా కోర్సులో ఏం జరిగింది

చలిలో క్లబ్ ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు అమెరికాలోని ఆగస్టా నేషనల్ కోర్సులో ఏటా జరిగే పెద్ద పోటీ మాస్టర్స్‌లో 2007 నాటిది గుర్తు చేసుకోదగ్గది. ఆ ఏడాది ఆగస్టా నేషనల్‌లో చలి, బలమైన గాలి కలిసి స్కోర్లను అల్లకల్లోలం చేశాయి. గెలిచిన జాక్ జాన్సన్ మొత్తం స్కోరు 289, అంటే పార్ కంటే ఒకటి ఎక్కువ. మాస్టర్స్ చరిత్రలో విజేత స్కోరు అంతకంటే ఎక్కువ ఎన్నడూ లేదు, 1954లోనూ 1956లోనూ మాత్రమే అంతే ఉంది.

జాన్సన్ బంతిని అతి దూరం కొట్టేవాళ్ళలో ఒకడు కాదు. నాలుగు రౌండ్లలో కలిపి ఎదురైన పదహారు పార్ 5 హోల్స్‌లో ఒక్కదాన్ని కూడా రెండు షాట్లలో అందుకోవాలని ప్రయత్నించలేదు. ప్రతిసారీ రెండో షాట్‌ను తనకు నచ్చిన దూరంలో ఆపి, మూడో షాట్‌ను వెడ్జ్‌తో కొట్టాడు. ఆ పదహారు హోల్స్‌లో అతని స్కోరు పార్ కంటే 11 తక్కువ. రెండో స్థానంలో నిలిచిన ముగ్గురిలో టైగర్ వుడ్స్ ఒకడు.

ఆ విజయానికి చలి ఒక్కటే కారణం అనలేం. జాన్సన్ వెడ్జ్, పటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్) ఆ వారం అద్భుతంగా పనిచేశాయి. అయినా పైన చూసిన లెక్కకు ఇది చక్కగా కుదురుతుంది. చలి పొడవాటి షాట్‌ను దెబ్బతీసి వెడ్జ్‌ను వదిలేస్తుంది. నష్టం ఎక్కువున్న షాట్‌ను మానుకుని, నష్టం తక్కువున్న షాట్‌కు పని చెప్పడం తెలివైన ఎంపిక.

బలంగా కొడితే ఎందుకు రాదు

పోయిన గజాలను బలంతో రాబట్టుకోవాలనుకోవడం సహజం. బలంగా కొట్టినప్పుడు బంతి క్లబ్ నడిమధ్యలో తగిలే అవకాశం తగ్గుతుంది. చలిలో పక్కకు తగిలిన షాట్‌కు శిక్ష రెండింతలు: దూరం పోతుంది, చేతులు ఝల్లుమంటాయి. ఐరన్‌తో గట్టిగా కిందికి కొడితే స్పిన్ పెరుగుతుంది. చిక్కటి గాలిలో ఆ స్పిన్ బంతిని ముందుకు కాక పైకి తీసుకెళ్తుంది. అదే దూరానికి ఒకటిన్నర క్లబ్ పెద్దది తీసుకుని ముప్పావు స్వింగ్‌తో కొట్టిన బంతి తక్కువ ఎత్తులో, తక్కువ స్పిన్‌తో గాలిని కోసుకుంటూ వెళ్తుంది. నాలుగు దుస్తుల కింద ఎలాగూ పూర్తి స్వింగ్ రాదు. ముప్పావు స్వింగ్‌ను ముందే ఒప్పుకుని, దానికి తగ్గ క్లబ్ తీసుకోవడమే నిజాయితీ గల లెక్క.

బ్యాగులోనే మొదలయ్యే మార్పు

నిబంధనల ప్రకారం బ్యాగులో 14 క్లబ్బులకు మించకూడదు. ఎండాకాలపు 14 చలికాలానికి సరిపోవాలని లేదు. పై లెక్క ప్రకారం పొడవాటి రెండో షాట్లు పెరుగుతాయి. 3 ఐరన్, 4 ఐరన్‌లను ఎత్తుగా లేపేంత వేగం చలిలో చాలామందికి ఉండదు. వాటి స్థానంలో హైబ్రిడ్, లేదా 7 వుడ్ లాంటివి పెట్టుకుంటే బంతి సులువుగా లేస్తుంది, క్లబ్ మెత్తటి నేలలో దిగబడదు.

వెడ్జ్‌ల దగ్గర చూడాల్సింది బౌన్స్, అంటే క్లబ్ అడుగు భాగం వంపు. బురద నేలకు బౌన్స్ ఎక్కువున్న వెడ్జ్ మంచిది, తవ్వుకుపోకుండా జారుతుంది. గడ్డకట్టిన నేల మీద అదే వెడ్జ్ ఎగిరిపడి బంతి నడుముకు తగులుతుంది. అక్కడ బౌన్స్ తక్కువది కావాలి. వెడ్జ్‌కు బదులు 8 ఐరన్‌తో దొర్లించడం ఇంకా సురక్షితం.

నిబంధనలు ఎంతవరకు ఒప్పుకుంటాయి

చల్లటి బంతి తక్కువ దూరం పోతుంది కాబట్టి దాన్ని వేడి చేస్తే సరి అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. గోల్ఫ్ నిబంధన 4.2 దీన్ని ఒప్పుకోదు. కావాలని వేడి చేయడం ద్వారా గానీ, గీకడం ద్వారా గానీ గుణాలు మార్చిన బంతితో షాట్ కొడితే పోటీ నుంచి అనర్హత వేటు పడుతుంది. చేతులు వెచ్చబెట్టుకునే హ్యాండ్ వార్మర్ వాడుకోవచ్చు, దాని పక్కన బంతిని పెట్టి కాచడం మాత్రం కుదరదు. ప్రతి హోల్‌ను కొత్త బంతితో మొదలుపెట్టే హక్కు ఆటగాడికి ఉంది.

క్లబ్ ఎంపికకు సాయపడే పరికరాల విషయంలో నిబంధన 4.3 గీత గీస్తుంది. కోర్సులో ఉష్ణోగ్రత, తేమ కొలుచుకోవచ్చు. వాతావరణ సూచనలో చెప్పిన గాలి వేగం చూసుకోవచ్చు. సొంతంగా పరికరంతో గాలి వేగం కొలవకూడదు. బంతి ఉన్న చోటును బట్టి ఫలానా క్లబ్ వాడమని చెప్పే యాప్‌ను పోటీలో వాడకూడదు. థర్మామీటర్ చూడటం సబబే, ఆ అంకెను క్లబ్‌గా మార్చే పని మాత్రం ఆటగాడి బుర్రే చేయాలి.

పాత అంకెలతో వచ్చే చిక్కు

చాలామంది తమ దూరాలు లాంచ్ మానిటర్ (షాట్ వేగం, దూరం కొలిచే యంత్రం) దగ్గరో, ఫోన్ యాప్‌లోనో చూసుకున్నవే. ఇండోర్‌లో తీసిన లెక్క వెచ్చటి గదిలో వెచ్చటి బంతితో తీసినది. చాలా యంత్రాలు చూపే గాల్లో దూరం కూడా ముందుగా అమర్చిన మామూలు వాతావరణానికి సరిచేసినదే. యాప్ ఇచ్చే సగటులో ఎండాకాలపు రౌండ్లే ఎక్కువ. జనవరి ఉదయాన ఆ అంకె చూసి క్లబ్ తీయడమంటే వేరే రుతువులోని దూరాన్ని నమ్ముకోవడమే.

దీనికి పరిష్కారం పెద్ద పనేమీ కాదు. చలి రోజుల్లో మూడే మూడు క్లబ్బులను, ఒక డ్రైవర్, ఒక మిడ్ ఐరన్, ఒక వెడ్జ్‌ను ఎంచుకుని, బాగా తగిలిన షాట్లు ఎక్కడ పడ్డాయో, అప్పటి ఉష్ణోగ్రత ఎంతో స్కోర్ కార్డు వెనక రాసుకుంటే చాలు. నాలుగైదు రౌండ్లకే సొంత పట్టిక తయారవుతుంది. రాసేటప్పుడు గంట కూడా వేసుకోవాలి. ఎందుకంటే ఏడింటికి 5 డిగ్రీల దగ్గర మొదలైన రౌండ్ పదకొండింటికి 15 డిగ్రీల దగ్గర ముగియవచ్చు. అప్పటికి ఒళ్ళు వేడెక్కి ఉంటుంది, జాకెట్ బ్యాగులోకి చేరి ఉంటుంది, గ్రీన్లు కరిగి ఉంటాయి. మొదటి టీ దగ్గర 6 ఐరన్ అడిగిన 150 గజాలకు పదహారో హోల్‌లో 7 ఐరన్ కాస్త నిండుగా కొడితే సరిపోవచ్చు.